ప్రథమ పుటలో ఎస్తేరమ్మ కొట్టు

సోమేశ్వరపట్నం బస్టాండు వెనక సందులో తాతపూడి ఎస్తేరమ్మ కుక్కర్లు బాగుచేసే కొట్టు పెట్టి ఇరవై ఆరేళ్లయింది. ఈ ఇరవై ఆరేళ్లలో ఆమెను వెతుక్కుంటూ వచ్చి, దొరక్క వెనక్కి వెళ్లిన మనిషి లేడు. చేతిలో మూత పడని కుక్కరుతో ఎవరైనా బస్సు దిగితే చాలు, సోడాబండి దగ్గరున్నవాళ్లు అడక్కుండానే సందు చూపించేవారు. తండ్రి దగ్గర నేర్చుకున్న పని ఆమెది. కుక్కర్లో గ్లాసెడు నీళ్లు పోసి, మూత బిగించి, స్టవ్ మీద పెట్టి ఊరికే వినేది. ఆవిరి ఎక్కడ తప్పించుకుపోతోందో చెవికి తెలిసేది. రబ్బరు పోతే రబ్బరు మార్చేది, వాల్వు పోతే వాల్వు మార్చేది. ఏమీ పోకపోతే ఏమీ పోలేదని చెప్పి పంపేసేది. భర్త దానియేలుకు ఆటో ఉంది. ఇద్దరి సంపాదనా కలిపితే ఇల్లు గడిచిపోయేది. తమకేదో లోటు ఉందని వాళ్లకు ప్రభుత్వం చెప్పేదాకా తెలియదు.

చిన్న దుకాణాలు చితికిపోతున్నాయని ఆ మధ్య ప్రభుత్వం కనిపెట్టింది. ఎందుకు చితికిపోతున్నాయో తేల్చడానికి ఒక సంఘాన్ని వేసింది. ఆ సంఘం సభ్యులు ఆరు రాష్ట్రాలు తిరిగారు. వెళ్లిన ప్రతి ఊళ్లోనూ భోజనం ఎక్కడ బాగుంటుందో ఫోన్లో వెతికి, మొదటి పేజీలో కనబడిన హోటల్లో తిన్నారు. తిరిగొచ్చి నాలుగు వందల పేజీల నివేదిక ఇచ్చారు. మొదటి పేజీలో ఉన్న హోటళ్లు కళకళలాడుతున్నాయనీ, తక్కినవాటి సంగతి తాము వాటికి వెళ్లలేదు గనుక చెప్పలేమనీ, బహుశా అవి మూతపడి ఉంటాయనీ దాని సారాంశం. ప్రభుత్వం వెంటనే ‘ప్రథమ పుట పథకం’ ప్రకటించింది. ఉత్తర్వులో మొదటి వాక్యమే, “రాష్ట్రమందలి ఏ చిన్న దుకాణమూ ఇకమీదట అన్వేషణ ఫలితముల రెండవ పుటయందు ఉండరాదు” అని. పథకం అమలుకు జిల్లాకొక దృశ్యతా కార్యాలయం వెలిసింది. సోమేశ్వరపట్నానికి జిల్లా దృశ్యతాధికారిగా పోణంగి సచ్చిదానందమూర్తి వచ్చాడు. అంతకుముందు ఆయన పశుగణాభివృద్ధిలో పనిచేశాడు. దున్నపోతుల లెక్క ఒక్క సంవత్సరంలో రెట్టింపు చేసిన సమర్థుడని పేరు.

ఆ కార్యాలయం నుంచి ఎస్తేరమ్మ కొట్టుకు మొదట వచ్చింది కిరణ్మయి అనే దృశ్యతా సహాయకురాలు. పోటీ పరీక్ష రాసి ఉద్యోగం తెచ్చుకున్న పిల్ల, నెమ్మదస్తురాలు. ఆమె స్టూలు మీద కూర్చుని తన ఫోన్ చూపిస్తూ విషయం విడమరిచి చెప్పింది. ఎవరైనా ‘కుక్కర్ రిపేర్’ అని కొడితే ఒక పేజీ వస్తుంది. అందులో పైన ఉండేవి డబ్బు కట్టినవాళ్ల కొట్లు. వాటి మీద ఎవరు వేలు పెట్టినా, పెట్టినప్పుడల్లా ఫోను కంపెనీవాళ్లు ఇంతని కోసుకుంటారు. కట్టిన డబ్బు అయిపోగానే ఆ కొట్టు పేజీ మీంచి మాయమవుతుంది. వాటి కింద ఉండేవి పైసా కట్టకుండా వాటంతటవే పైకొచ్చినవి. అలా రావాలంటే నెలలు పడుతుంది గానీ, వచ్చాక ఉంటాయి.

“అంటే పైనోళ్లు ఆటో ఎక్కొచ్చినోళ్లు, కిందోళ్లు నడిచొచ్చినోళ్లు అన్నమాట” అంది ఎస్తేరమ్మ.

ఇంత తేలిగ్గా తనకు శిక్షణలో ఎవరూ చెప్పలేదని కిరణ్మయి ఒప్పుకుంది.

ప్రభుత్వం రెండు దారుల్నీ వదల్లేదు. డబ్బు కట్టి పైకి తెచ్చేందుకు కార్యాలయం మేడ మీద చెల్లింపు విభాగాన్నీ, కట్టకుండా పైకి తెచ్చేందుకు మేడ కింద సహజ విభాగాన్నీ పెట్టింది. పైవిభాగానికి పరాంకుశం, కింది విభాగానికి శ్యామలాంబ అధిపతులు. ఒకే మెట్లకు ఆ చివరా ఈ చివరా ఉన్నా, వాళ్ల మధ్య మాటలు కాగితాల మీదే నడిచేవి. కిందివాళ్లను నమ్ముకుంటే కొట్టు పైకి వచ్చేసరికి యజమాని పైకి పోతాడని పరాంకుశం అనేవాడు. పైవాళ్లది అద్దె దీపం, గంటకే ఆరిపోతుందని శ్యామలాంబ అనేది. ఇద్దరూ చెప్పింది నిజమే. అందుకే ఇద్దరికీ ఒకరంటే ఒకరికి పడేది కాదు.

అవగాహన సదస్సుకు ఊళ్లో దుకాణదారులందర్నీ పిలిచారు. కుక్కర్లు, స్టవ్‌లు బాగుచేసేవాళ్లే ఇరవై ముగ్గురు తేలారు. సచ్చిదానందమూర్తి గంటన్నర మాట్లాడి, సందేహాలుంటే అడగమన్నాడు. ఎస్తేరమ్మ లేచి, ఆ పేజీలో పది కొట్లే పడతాయని విన్నాననీ, తాము ఇరవై ముగ్గురం ఉన్నామనీ అంది.

దృశ్యతాధికారి ఆ ప్రశ్న కోసమే ఎదురు చూస్తున్నవాడిలా తల పంకించాడు. “సదరు అంశం మా పరిశీలనలో ఉన్నది. పుటను విస్తరింపవలసిందిగా కంపెనీవారికి లేఖ వ్రాసియున్నాము. జవాబు రాని పక్షంలో జ్ఞాపిక పంపగలము.”

అందరూ చప్పట్లు కొట్టారు. సదస్సులో టిఫిను బాగుందని తర్వాత చాలామంది చెప్పుకున్నారు.

ముందు చెల్లింపు విభాగం రంగంలోకి దిగింది. ఒక్కో కొట్టుకు రోజుకు మూడు వందల రూపాయల ప్రకటన అని ప్రభుత్వం మంజూరు చేసింది. వేలు పెట్టినప్పుడల్లా కంపెనీ ముప్పై కోసుకుంటుంది. దీన్ని శాఖ భాషలో ‘వేలిస్పర్శ’ అన్నారు. అంటే రోజుకు పది స్పర్శలు. ప్రజాధనం గనుక, ప్రకటన నిజంగా కనబడుతోందా లేదా అన్నది ప్రతిరోజూ తనిఖీ చేయాలని నిబంధన పెట్టారు. ఉదయం తొమ్మిదింటికి సహాయకురాలు ఎస్తేరమ్మ కొట్టు ప్రకటన మీద వేలు పెట్టి చూస్తుంది. ఆమె చూసిందా లేదా అని పర్యవేక్షకుడు చూస్తాడు. పర్యవేక్షకుడు సరిగ్గా చూశాడా అని పరాంకుశం చూస్తాడు. ఆ పైన ఆడిట్‌వాళ్లు ఇద్దరు, రాజధానిలో ప్రధాన కార్యాలయంవాళ్లు ముగ్గురు, చివర్లో ఆకస్మిక తనిఖీ బృందం నుంచి ఇద్దరు. తొమ్మిదీ నలభైకల్లా పది స్పర్శలూ పూర్తయి ప్రకటన మాయమయ్యేది. ఎస్తేరమ్మ పదింటికి షట్టరు ఎత్తేది.

పది దాటాక ప్రకటన కనబడ్డం లేదని ఎవరో ఫిర్యాదు చేశారు. అది ఎందుకు మాయమవుతోందో పరిశోధించడానికి ప్రత్యేక దళాన్ని వేశారు. వాళ్లు వేలు పెట్టి చూడ్డానికి వీలుగా మంజూరు ఆరు వందలకు పెంచారు. దళం కష్టపడి పనిచేసింది. ప్రకటన తొమ్మిదిన్నరకే మాయమవసాగింది.

నెలాఖరు సమీక్షలో మన జిల్లా లక్ష్యానికి మించి మూడు వందల నలభై శాతం స్పర్శలు సాధించినట్టు తేలింది. అత్యధిక స్పర్శలు పొందిన దుకాణంగా ఎస్తేరమ్మకు ప్రశంసాపత్రం ఇచ్చారు. ఆమె దాన్ని రెండు చేతులా పుచ్చుకుని అక్కడే నిలబడింది. ఫోన్ చూసి వచ్చానన్న మనిషి నెలరోజుల్నుంచి ఒక్కరూ తన కొట్టు ఎక్కలేదండి అని నెమ్మదిగా చెప్పింది.

“వినియోగదారుని ఆగమనం మా శాఖ పరిధిలోనిది కాదు” అన్నాడు సచ్చిదానందమూర్తి, ఏమాత్రం నొచ్చుకోకుండా. “మాది కనబడుట వరకే.”

ఆ మాట విని మేడ కింద శ్యామలాంబ చాలా సంతోషించింది. పైవాళ్ల పని అయిపోయిందని ఆమె గ్రహించింది. నిజానికి ఆమె విభాగం అప్పటికే మొదలు కావలసింది. ఇంగ్లీషులో దానికున్న ‘ఆర్గానిక్’ అన్న పేరును తెనిగించి ఆ విభాగాన్ని మొదట్లో ‘సేంద్రియ విభాగం’ అని పిలవడంవల్ల దాని ఫైలు వ్యవసాయ శాఖకు వెళ్లిపోయింది. కుక్కర్లకు పశువుల ఎరువు సిఫార్సు చేయలేమన్న అభిప్రాయంతో అది తిరిగి వచ్చేసరికి రెండున్నర నెలలు పట్టింది. పేరు మార్చుకున్నాక సహజ విభాగం కసిగా పనిలోకి దిగింది.

జనం ఫోన్లో ఏ మాటలు కొడుతున్నారో ముందు సర్వే చేశారు. ‘నా దగ్గరలో మంచి కుక్కర్ రిపేర్’ అని కొడుతున్నట్టు తేలింది. కాబట్టి ఇకపై ఊళ్లో ఉన్న ఇరవై మూడు కొట్ల పేరూ అదే ఉండాలని ఉత్తర్వు వచ్చింది. ఫోన్లో ఒక పేరు, గోడ మీద ఒక పేరు ఉంటే వినియోగదారు తికమకపడతాడు గనుక బోర్డులు కూడా మార్చాలి. ఎస్తేరమ్మ బోర్డు మీద ఆమె పేరు చెరిపేసి ‘నా దగ్గరలో మంచి కుక్కర్ రిపేర్’ అని రాయించారు. పక్కన బట్టలు కుట్టే నాగూరు మీరా కొట్టు ‘నా దగ్గరలో మంచి టైలర్’ అయింది. సందు చివర్లో చెప్పుల కొట్టువాడు మొండికేశాడు. వాడి కొట్టును రెండో పేజీలో ఉన్న నేరం కింద నమోదు చేశారు.

తర్వాత వ్యాసం. ఫోన్లో కొట్టు గురించి పన్నెండు వందల మాటలకు తగ్గని వ్యాసం ఉంటేనే అది పైకి లేస్తుందని శ్యామలాంబ శిక్షణలో నేర్చుకుంది. కిరణ్మయి పాపం రెండు రాత్రులు కూర్చుని ఎస్తేరమ్మ కొట్టు గురించి పన్నెండు వందల మాటలు రాసింది. కుక్కరు అనగా నేమి అన్న దగ్గర మొదలై, ఆవిరి చరిత్ర మీదుగా, కుక్కర్ రిపేర్ అన్న మాట ప్రతి వాక్యంలోనూ వచ్చేలా సాగింది. ఫోన్లో ఉన్నదే నేల మీదా ఉండాలన్న సూత్రం ప్రకారం ఆ వ్యాసాన్ని ఫ్లెక్సీ మీద అచ్చు వేయించి కొట్టు ముందు కట్టారు. ఎనిమిదడుగుల ఎత్తు, పదకొండు అడుగుల వెడల్పు. కొట్టు వెడల్పు పదడుగులే. పక్కకు తిరిగి దూరేందుకు ఒక మూల సందు వదిలారు. లోపల ఎస్తేరమ్మ పట్టపగలు లైటు వేసుకుని కూర్చునేది.

అది చాలదన్నట్టు ప్రస్తావనల నియమం వచ్చింది. నలుగురు నీ పేరు చెబితేనే నువ్వు పైకొస్తావు, కాబట్టి ప్రతి దుకాణదారూ వచ్చిన ప్రతి వినియోగదారుకీ పని మొదలుపెట్టే ముందు తక్కిన దుకాణాల్లో తొమ్మిదింటి పేర్లు చెప్పి, రిజిస్టర్లో సంతకం తీసుకోవాలి. తొమ్మిదింటికీ పేరు ఒకటే గనుక చెప్పడం తేలికే. వినేవాళ్లకే కష్టమైంది. రిటైరైన పోస్టుమాస్టరు ఒకాయన విజిల్ ఊడిన కుక్కరుతో వచ్చి, ఎస్తేరమ్మ చెప్పిన తొమ్మిది పేర్లూ విని, ప్రభుత్వం చెప్పిస్తోందంటే కారణం ఉంటుందని తొమ్మిది కొట్లకూ వెళ్లాడు. వాళ్లలో ప్రతివాడూ ఆయనకు మరో తొమ్మిది చెప్పాడు. మర్నాడు సాయంత్రం అదే కుక్కరుతో ఎస్తేరమ్మ దగ్గరికి వచ్చి స్టూలు మీద కూలబడి మంచినీళ్లడిగాడు. విజిల్ బిగించడానికి ఆమెకు పట్టింది రెండు నిమిషాలు.

కొట్టుకు రోజుకు పదిహేను మంది వచ్చేవాళ్లు ముగ్గురయ్యారు, ఆ తర్వాత ఒక్కరయ్యారు. అడ్డంగా కట్టిన ఫ్లెక్సీ చూసి కొట్టు ఎత్తేశారనుకుని వెళ్లిపోయినవాళ్లే ఎక్కువ. లోపలినుంచి ఆమెకు వాళ్ల పాదాలు కనబడేవి. వచ్చి ఆగేవి, కాసేపు చదివేవి, వెళ్లిపోయేవి. లేచి బయటికి వచ్చేలోగా సందు మలుపు తిరిగేవి. ఇరవై ఆరేళ్లలో మొదటిసారి ఆమెకు పనిలేని మధ్యాహ్నాలు వచ్చాయి. కొట్టు మూసి తన ఆటోలో తిరుగుదువు గాని రమ్మని దానియేలు తమాషాకు అంటే ఆమెకు కన్నీళ్లొచ్చాయి.

అలా ఆగి వెళ్లిపోయిన పాదాల్లో మంగతాయారువి కూడా ఉన్నాయి. ఆమె బాలికల హాస్టల్లో వంటమనిషి. నూట పదిమంది పిల్లలకు అన్నం, పప్పు వండే పెద్ద కుక్కరును నెలకోసారి ఎస్తేరమ్మ చేతిలో పెట్టి చూపించుకోవడం ఆమెకు అలవాటు. ఈసారి కొట్టు లేదనుకుంది. వెనక్కి వెళ్లి హాస్టల్ వాచ్‌మన్ ఫోన్లో ‘నా దగ్గరలో మంచి కుక్కర్ రిపేర్’ అని కొట్టించింది. మొదటి పేజీలో అన్నింటికన్నా పైన వచ్చింది జిల్లా దృశ్యతా కార్యాలయం.

ఇందులో ఎవరి కుట్రా లేదు. ఎనిమిది నెలలుగా ఆ కార్యాలయం తన వెబ్‌సైట్లో పెట్టిన ఉత్తర్వులు, జ్ఞాపికలు, సవరణలు, సవరణల రద్దులు అన్నీ కలిపితే అందులో ‘కుక్కర్ రిపేర్’ అన్న మాట పదకొండు వేలసార్లు వచ్చింది. పైగా ప్రతి దుకాణదారూ తన పేజీలో కార్యాలయాన్ని విధిగా ప్రస్తావించాలన్న నియమం ఉంది. ఊరంతా పొగిడిన ఆ కార్యాలయాన్ని మించిన కుక్కర్ల కొట్టు లోకంలో లేదని ఫోనుకు తోచింది. సహజంగా పైకి వచ్చిన మొదటి దుకాణం అదే. ఇది చూసి మేడ మీద పరాంకుశానికి నిద్ర పట్టలేదు. కిందివాళ్లకు పేరు దక్కకూడదని అదే కార్యాలయానికి డబ్బు కట్టి ప్రకటనలు కూడా వేయించాడు. పైన డబ్బు కట్టిన కార్యాలయం, కింద కట్టని కార్యాలయం, మధ్యలో దాని ఉపకార్యాలయాలు కలిసి పేజీలో పది చోట్లూ నిండాయి. ఆ నెల నివేదికలో ప్రథమ పుట ఖాళీలేకుండా భర్తీ అయినట్టు రాశారు.

జనం కుక్కర్లు పట్టుకుని రాసాగారు. మొదట గార్డు తరిమాడు. ఒకరోజు కలెక్టరాఫీసు పెద్ద గుమాస్తా అత్తగారు కూడా కుక్కరుతో వచ్చేసరికి సచ్చిదానందమూర్తి ఆలోచనలో పడ్డాడు. ప్రజలు తమ మీద ఉంచిన విశ్వాసాన్ని వమ్ము చేయరాదని నిర్ణయించి ‘కుక్కర్ల స్వీకరణ’ అని ఒక కిటికీ తెరిపించాడు. వచ్చిన కుక్కరు మూత మీద, లోపలికి చేరినట్టు ఎర్ర రంగుతో ఆవక సంఖ్య వేసి రికార్డు గదిలో పెట్టేవారు. బాగుచేసే విద్య ఆ భవనంలో ఎవరికీ లేదు. బయట ఇవ్వాలంటే పథకం నిబంధనల ప్రకారం ప్రథమ పుటలో ఉన్న దుకాణానికే ఇవ్వాలి. ప్రథమ పుటలో ఉన్నది తామే. కాబట్టి కార్యాలయం తన నుంచి తానే ధరల పట్టిక కోరుతూ లేఖ రాసుకుంది. దానికి మేడ మీదివాళ్లు జవాబివ్వాలా, కిందివాళ్లా అన్నది తేలలేదు. మంగతాయారు కుక్కరుకు నూట ఎనభై ఏడో సంఖ్య పడింది.

మూడు వారాల తర్వాత ఆమె రైతుబజారులో ఎస్తేరమ్మకు ఎదురుపడింది.

“ఒదినా, కొట్టు తీసేశావని అందరూ అన్నారు గదా. నేనా కుక్కర్ని ఆఫీసులో ఇచ్చి మూడు వారాలైంది. ఎప్పుడెళ్లినా పరిశీలనలో ఉందంటారు.”

ఇన్నాళ్లూ దేంట్లో వండుతున్నావని ఎస్తేరమ్మ అడిగింది. స్టోర్‌రూములో పాతది ఉంటే తీశాననీ, దాని వాల్వు దగ్గర ఆవిరి కారుతుంటే పిండి ముద్ద గట్టిగా అంటించి నెట్టుకొస్తున్నాననీ మంగతాయారు చెప్పింది. వంటయ్యేదాకా పిల్లలు పళ్లేలు పట్టుకుని అక్కడే కూర్చుంటారని కూడా చెప్పింది.

ఎస్తేరమ్మ చేతిలో సంచీ కింద పెట్టేసింది. విజిల్ మొరాయిస్తే ఆవిరి పోవడానికి మిగిలే ఒక్క దారినీ పిండితో మూస్తే ఏమవుతుందో ఆమె చూసింది. చిన్నప్పుడు ఒక పెళ్లివారి ఇంట్లో కుక్కరు మూత పైకప్పుకు తగిలిన చోట పడిన సొట్టను తండ్రి ఆమెకు వేలు పెట్టి చూపించాడు. వంటాయన సంగతి మాత్రం చెప్పలేదు.

“ఈ పూటకి గిన్నెలో వండు తల్లీ. ఆలస్యమైతే అవనీ. ఆ కుక్కరు మాత్రం పొయ్యెక్కించకు. పొద్దున్నే నీది నేను తెస్తాను.”

మర్నాడు ఉదయం ఎస్తేరమ్మ పనిముట్ల సంచీ తీసుకుని దృశ్యతా కార్యాలయానికి వెళ్లింది. మంగతాయారు రసీదుతో వెంట వచ్చింది. సచ్చిదానందమూర్తి వాళ్లను గంటన్నర కూర్చోబెట్టి లోపలికి పిలిచాడు. కుక్కరు ఇప్పించమని ఎస్తేరమ్మ అడిగితే ఆయన నిబంధనల పుస్తకం తెరిచాడు. లోపలికి వచ్చిన వస్తువు బయటికి పోవాలంటే జావక సంఖ్య పడాలి. మరమ్మతు పూర్తయిన వస్తువుకే జావక సంఖ్య. మరమ్మతు ప్రథమ పుటలోని దుకాణమే చేయాలి. ఎస్తేరమ్మ దుకాణం ప్రస్తుతం పద్నాలుగో పుటలో ఉన్నట్టు రికార్డుల్లో ఉందనీ, ఆ విషయమై ఆమె మీద చర్యకు అవకాశం ఉన్నా తాను దయతో ఊరుకుంటున్నాననీ ఆయన చెప్పాడు.

“సారూ, మొదటి పేజీలో మీరే ఉన్నారు గదండి” అంది ఎస్తేరమ్మ. “మీరే చెయ్యండి. సామాను నేను తెచ్చాను. వాల్వు కూడా తెచ్చాను. ఇక్కడ కూచుంటాను, చేసివ్వండి.”

ఆయన నిబంధనల పుస్తకం మూసి, ఆ ప్రతిపాదనను సంబంధిత విభాగానికి పంపిస్తానన్నాడు.

ఎస్తేరమ్మ బయటికి వచ్చి వరండా మెట్ల మీద కూర్చుంది. వెళ్లిపొమ్మని గార్డు అన్నాడు గానీ గట్టిగా అనలేదు. అతని ఇంటి కుక్కరు కూడా లోపలే ఉంది. పావుగంట తర్వాత కిరణ్మయి రికార్డు గదిలోంచి నూట ఎనభై ఏడును రెండు చేతులా మోసుకుంటూ వచ్చి ఆమె ముందు పెట్టింది. రిజిస్టర్లో ‘పరిశీలన నిమిత్తం వరండాకు తరలించడమైనది’ అని రాశానని మెల్లగా చెప్పింది.

ఎస్తేరమ్మ మూత విప్పి, పాత వాల్వు పీకి, కొత్తది బిగించి, రబ్బరు మార్చింది. కుళాయి నీళ్లు పట్టి, గేటు దగ్గర టీ కొట్టు స్టవ్ మీద పెట్టింది. పది నిమిషాలకు విజిల్ పడింది. ఎనిమిది నెలలుగా సంతకాల చప్పుడు తప్ప మరే చప్పుడూ లేని ఆ భవనంలోంచి చెల్లింపు విభాగం మెట్లు దిగీ, సహజ విభాగం తలుపులు తోసుకునీ ఒకేసారి బయటికొచ్చాయి. పరాంకుశం, శ్యామలాంబ పక్కపక్కన నిలబడడం సిబ్బంది అప్పుడే మొదటిసారి చూశారు. మంగతాయారు కుక్కరు ఎత్తుకుని వాళ్ల మధ్యలోంచే నడిచి గేటు దాటింది. జావక సంఖ్య ఎవరూ అడగలేదు.

కిటికీ దగ్గర వరుసలో ఉన్నవాళ్లు నెమ్మదిగా వరండా వైపు జరిగారు. ఆ రోజు ఎస్తేరమ్మ ముప్పై ఒకటి బాగుచేసింది. ఎనిమిది రోజుల్లో రికార్డు గది ఖాళీ అయింది. ఎవరి మజూరీ వాళ్లే ఆమె చేతిలో పెట్టారు. గార్డు దగ్గర ఆమె తీసుకోలేదు.

తొమ్మిదో రోజు సచ్చిదానందమూర్తి ఆమెను మర్యాదగా లోపలికి పిలిచి కుర్చీ వేయించాడు. తమ కార్యాలయం రెండు వందల నలభై కుక్కర్లకు మరమ్మతు చేసినట్టు నివేదిక అప్పటికే రాజధానికి వెళ్లింది. రాష్ట్రంలో ఉత్తమ చిన్న దుకాణంగా సోమేశ్వరపట్నం జిల్లా దృశ్యతా కార్యాలయం ఎంపికైనట్టు ఆ ఉదయమే కబురొచ్చింది. ఇక ఎస్తేరమ్మ విడిగా కొట్టు నడుపుకోవడం అనవసరమనీ, తన దుకాణాన్ని రాసిచ్చి కార్యాలయంలో కుక్కర్ల ఉపవిభాగానికి తాత్కాలిక ప్రాతిపదికన చేరవచ్చుననీ ఆయన సెలవిచ్చాడు. అలా చేరితే ఆమె ఎప్పటికీ ప్రథమ పుటలోనే ఉంటుందని కూడా చెప్పాడు.

“నాకు పేజీ వద్దండి, నా సందు నాకు చాలు” అని ఆమె లేచింది.

ఆ మధ్యాహ్నమే ఆమె ఫ్లెక్సీ తాళ్లు కోసి కింద పడేసింది. వానకు తడవకుండా దానియేలు దాన్ని ఆటో మీద కప్పుకున్నాడు. ఆవిరి చరిత్ర ఊరంతా తిరగసాగింది. బోర్డు కూడా పీకేసింది. మళ్లీ రాయించడానికి తీరిక దొరకలేదు, ఎందుకంటే వరండాలో ఆమెను చూసినవాళ్లంతా తలా ఇద్దరికి చెప్పారు. వారం తిరిగేసరికి సందులో పది దాటాక నిలబడ్డానికి చోటు లేదు. హాస్టల్ వార్డెన్ స్టోర్‌రూములోని పాత కుక్కర్ను పాతసామాన్లవాడికి వేయించి, కొత్తది ఒకటి కొని, ముందు ఎస్తేరమ్మకు చూపించి గానీ వాడనివ్వలేదు.

బోర్డూ వ్యాసమూ తొలగించిన నేరానికి ఆమెకు నోటీసు తయారైంది. దుకాణదారుకు ఏ కాగితమైనా అన్వేషణలో వచ్చిన అధికారిక చిరునామాకే పంపాలని నియమం. గుమాస్తా ఫోన్లో ‘నా దగ్గరలో మంచి కుక్కర్ రిపేర్’ అని కొట్టాడు. వచ్చిన చిరునామా కవరు మీద రాసి రిజిస్టరు పోస్టులో వేశాడు. రెండు రోజుల తర్వాత పోస్టుమన్ దాన్ని తెచ్చి అదే గుమాస్తాకు ఇచ్చాడు. అతను సంతకం చేసి పుచ్చుకుని, ఆవక సంఖ్య వేసి, రసీదు తిప్పి పంపాడు. నోటీసు అందినట్టు రుజువైంది. ఏడు రోజుల్లో సంజాయిషీ రాలేదు. రెండో నోటీసు కూడా అలాగే అందింది. దానికీ జవాబు లేకపోవడంతో, ఇంత మొండి దుకాణాన్ని తన సర్వీసులో చూడలేదని రాస్తూ సచ్చిదానందమూర్తి సీలు వేయాలని ప్రధాన కార్యాలయానికి సిఫార్సు చేశాడు.

ప్రధాన కార్యాలయం నుంచి ముగ్గురు సభ్యుల బృందం జీపులో వచ్చింది. ఫోన్ చూపించిన దారినే వచ్చి దృశ్యతా కార్యాలయం ముందు ఆగింది. భవనానికి నిర్ణీత బోర్డు లేదని, పన్నెండు వందల మాటల వ్యాసం ఎక్కడా కట్టలేదని నమోదు చేసుకుంది. సిబ్బందిని బయటికి పంపి తలుపులకు గొలుసులు వేయించింది. ఇది దుకాణం కాదని సచ్చిదానందమూర్తి వాదించాడు. బృందం నాయకుడు ఆయనకు మొదటి పేజీ చూపించాడు. పక్కనే ఉత్తమ చిన్న దుకాణం ప్రశంసాపత్రం నకలు కూడా చూపించాడు. రెండూ కాదనడానికి వీల్లేని కాగితాలు. లక్క కరిగించి సీలు వేశారు.

అప్పట్నుంచి జిల్లా దృశ్యతాధికారి సైకిళ్ల షెడ్డులో బల్ల వేసుకుని కూర్చుంటున్నాడు. చెల్లింపు విభాగం షెడ్డుకు ఎండ పడే వైపు, సహజ విభాగం నీడ వైపు ఉన్నాయి. కిరణ్మయి బదిలీ పెట్టుకుని గ్రంథాలయాల శాఖకు వెళ్లిపోయింది. సీలు తొలగించవలసిందిగా కోరే దరఖాస్తును నిబంధనల ప్రకారం జిల్లా దృశ్యతా కార్యాలయం ద్వారానే పంపుకోవాలి. సచ్చిదానందమూర్తి దరఖాస్తు స్వయంగా రాసి, కవరు మీద చిరునామా తప్పులేకుండా రాసి, రిజిస్టరు పోస్టులో పంపాడు. తలుపు మూసి ఉన్నదన్న గమనికతో అది తిరిగి వచ్చింది.